తడి మీద మూత

పక్కింటి బాబాయి పోయారు. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి పిన్ని ఫోన్ చేసేసరికి నేను మా ఇంటి ముందుగదిలో నా టైలరింగ్ షాపులో కూర్చుని స్కూలు యూనిఫారాలకి గుండీలు కుడుతున్నాను. "మీ బాబాయి ఎల్లిపోయారే" అంది పిన్ని. లేచి కిటికీ దగ్గరికి వెళితే ప్రహరీ గోడ మీదుగా ఆయన పడవ ముక్కు ఎప్పటిలాగే కనిపిస్తోంది. దాని మీద కప్పిన నీలం టార్పాలిన్ ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. వెళ్లి నిచ్చెనెక్కి కట్టి వచ్చాను. ఆ పూట నాకు చేతనైన పని అదొక్కటే.

బాబాయి, పిన్ని అన్నానే గానీ మాకు చుట్టరికం లేదు. గోడకి ఇటు మేము, అటు వాళ్లు. వాళ్లకి పిల్లలు లేరు కాబట్టి ఏ పనికైనా గోడ మీంచి నన్నే పిలిచేవారు. నేను విసుక్కుంటూనే వెళ్లేదాన్ని.

నర్సీపట్నంలో పడవేమిటని మీరు అనుకోవచ్చు. మా ఊళ్లో అందరూ అనుకున్నారు. సముద్రం చూడాలంటే మేం బస్సెక్కాలి. బాబాయి నేవీలో ఇంజిన్ రూములో పనిచేసి రిటైరయ్యారు. ఓడ అడుగున, ఇంజిన్ల వేడిలో, చెవులు చిల్లులు పడే మోతలో ఆయన సర్వీసంతా గడిచింది. "పోర్ట్ బ్లెయిర్ ఎన్ని సార్లెల్లానో లెక్కే లేదమ్మా. దార్లో సముద్రం ఎలాగుంటాదో మాత్రం నాకు తెల్దు" అనేవారు. సెలవు రోజుల్లో చిన్న చిన్న తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నారట. ఇంజిన్ మోత లేకుండా, గాలి మీద, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్లాలి. ఆయన కోరిక అంతే. పిన్నికేమో పాయకరావుపేట బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది.

పడవ ఎంచుకోవడానికి వెళ్లిన రోజు నన్నూ తీసుకెళ్లారు. ఒకే యార్డులో రెండు పాత పడవలు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి తెల్లగా మెరిసిపోతోంది. లోపల కొత్త పరుపులు, అద్దాల అల్మారా, చిన్న టీవీ. రెండోది ఎండకి వెలిసిపోయి, పిట్టల రెట్టలతో దీనంగా ఉంది. పిన్ని అప్పుడే మొదటి పడవలో పరుపు మీద చతికిలబడింది. "ఇదే తీసుకుందామండీ, కూర్చోడానికి సుకంగా ఉంది" అంది.

బాబాయి వినిపించుకోలేదు. రెండో పడవలో కింద పరిచిన చెక్క పలక తీసి తలకిందులుగా లోపలికి దూరారు. పైకి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పడవ బోల్తా పడకుండా అడుగున వేలాడే బరువుని పట్టి ఉంచే బోల్టుల్ని ఒక్కొక్కటే తడిమారు. తెరచాప కట్టే స్తంభాన్ని నిలబెట్టే వైర్లు పడవకి ఎక్కడ బిగించారో అక్కడ గోటితో గీకి చూశారు. తర్వాత జేబులోంచి చిన్న కొయ్య సుత్తి తీశారు. ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ఒకాయన చేత అంకుడు కర్రతో చేయించుకున్నది, పిడికి ఎర్ర లక్క రంగు. దానితో పడవంతా జానెడు జానెడు చొప్పున కొడుతూ, చెవి ఆనించి వింటూ వచ్చారు. టక్, టక్, టక్. స్తంభం మొదలు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారిపోయింది. తడి గోనెసంచి మీద కొట్టినట్టు, దబ్ దబ్ మని. అమ్మే ఆయన ముఖం వాడిపోయింది.

"అది పెద్ద విషయం కాదండి" అన్నాడు.

"పెద్ద విషయమేనండి. పైకప్పులో ఫైబరు పొరల మధ్య చెక్క నానిపోయింది. అయినా ఇదే తీసుకుంటాం" అన్నారు బాబాయి.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ఊరుకోలేక అడిగాను, మంచిది వదిలేసి ముసలిదాన్ని కొనడమేమిటని. "ముసిల్దే గట్టిదమ్మా. ఆ రోజుల్లో ఫైబరు ఎంత ఎయ్యాలో తెలీక మందంగా ఏసేసేవోళ్లు. ఆ రంగేసిన దానికి లోపల ఏ రోగముందో మనకి తెల్దు. దీనికేటుందో ఇప్పుడే సూసేం కదా. తెలిసిన రోగానికి మందెయ్యొచ్చు" అన్నారు. ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆయన పోయిన ఈ నాలుగు నెలల్లో.

హార్బరులో ఉంచితే రోజూ వెళ్లి పని చేయడం కుదరదని లారీ మీద ఇంటికి తెప్పించారు. స్తంభం విప్పి పక్కన పడుకోబెట్టినా పడవ మా వీధిలో పట్టలేదు. కరెంటు తీగలు వెదురుగడలతో పైకెత్తి పట్టుకుని లోపలికి తోశారు. జనమే జనం. "ఏటండీ, సినిమా సూటింగా?" అని ఒకరు, "నర్సీపట్నానికి సముద్రం ఎప్పుడొస్తాదండీ?" అని ఇంకొకరు. బాబాయి నవ్వి, "అది రాదు బాబూ, మనవే ఎల్లాలి" అన్నారు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో దుంగల మీద నిలబెట్టారు. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి సాయంత్రపు ఎండ రావడం మానేసింది. నేను చాలాసార్లు సణిగాను కూడా.

తెరచాప బాగుచేయడానికి నా షాపుకే తెచ్చారు. విప్పి పరిస్తే షాపులో కాలు పెట్టే చోటు లేదు. "గుడ్డ బానే ఉంది, ఎండకి దారం పోయింది. మళ్లీ కుట్టెయ్యాల" అన్నారు. "నాది జాకెట్లు కుట్టే మిషను బాబాయ్, రథానికి గుడారం కుట్టేది కాదు" అన్నాను. కుట్టాను మరి. సూదులు విరిగాయి, వేళ్లు బొబ్బలెక్కాయి. ఒక పొడుగాటి అతుకు పూర్తి చేసి చూపిస్తే, వేలితో లాగి చూసి, "బిగువైపోయిందమ్మా. గాలొచ్చినప్పుడు గుడ్డ సాగాల, దారం దాంతోపాటు సాగాల" అన్నారు. నాకు ఒళ్లు మండి, మీరే కుట్టుకోండి అని లోపలికి వెళ్లిపోయాను. టీ పెట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, బ్లేడుతో నా కుట్టు విప్పుతున్నారు. నాకూ ఒక బ్లేడు పక్కన పెట్టి ఉంచారు. ఏం చేస్తాను, కూర్చున్నాను.

అన్నిటికంటే కష్టపెట్టింది ఆ పైకప్పే. స్తంభం మొదలు చుట్టూ ఫైబరు పైపొర కోసి తీస్తే లోపలి చెక్క నల్లబడి, టీలో ముంచిన రస్కులా చేతికి వచ్చేసింది. కుళ్లినంత మేరా తీసేశారు. కానీ చుట్టుపక్కల చెక్క లోపలికి తడి పాకి ఉంది. అది పూర్తిగా ఎండాకే కొత్త చెక్క పెట్టి మూయాలి. వానొస్తే కప్పడం, ఎండొస్తే తీయడం. రోజూ సాయంత్రం సుత్తితో కొట్టి చూడడం. ఆ చప్పుడు వినగానే వంటింట్లోంచి పిన్ని కేక వేసేది, "తడి పోయిందేటండీ?" అని. "ఇంకా లేదే" అని పైనుంచి ఆయన. గోడకి ఇవతల నాకు ఆ రెండు మాటలూ వినపడితేనే పొద్దుపోయినట్టు.

తర్వాత ఆయనకి దగ్గు పట్టుకుంది. నిచ్చెన రెండు మెట్లెక్కితే ఆయాసం. పిన్నీ నేనూ బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టరు గారు వీపు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేతి వేలితో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చారు. పైన టక్ టక్ మంది. కుడివైపు కిందికి వచ్చేసరికి దబ్ దబ్ మంది. నేను కూడా విన్నాను.

"తడుందండీ లోపల" అన్నారు బాబాయి, డాక్టరు నోరు తెరవకముందే.

ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారు. మళ్లీ చేరింది. మళ్లీ తీశారు. నీరు ఎందుకు చేరుతోందో పెద్దాసుపత్రిలో చెప్పారు. తెలిసిన రోగమే. మందు మాత్రం లేదు.

అప్పుడు మా వీధివాళ్లం ఒక ఆలోచన చేశాం. లారీ ఆయన ఒప్పుకున్నాడు, హార్బరులో క్రేను మాట్లాడాం. పైన ఏదో ఒక రేకు అతికించి, ఒక్క గంట పడవని నీళ్లలో దించి ఆయన్ని కూర్చోబెడదామని. సంబరంగా నేనే వెళ్లి చెప్పాను.

"తడి మీద మూతెయ్యకూడదమ్మా. పైకి కనపడదు, లోపల కుళ్లిపోద్ది. నడిసముద్రంలో స్తంభం కూలిపోద్ది" అన్నారు.

"నడిసముద్రం ఎవరెళ్తున్నారు బాబాయ్? ఒక్క గంట!"

"ఒక్క గంటకి కాదు కదా కొన్నాది."

నాకు ఏడుపొచ్చేసింది. "మీకింక టైం లేదు బాబాయ్!" అని అరిచేశాను. పిన్ని అక్కడే ఉంది. అనకూడని మాట. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. "నాకు లేదు. దానికుంది కదా" అన్నారు. లారీ వద్దని చెప్పేశాం.

చివరిసారి ఆసుపత్రిలో చేరాక సాయంత్రాలు ఫోన్ చేసేవారు. నేను సుత్తి పట్టుకుని నిచ్చెనెక్కి, ఫోను పడవ మీద పెట్టి కొట్టేదాన్ని. "గట్టిగా ఉన్న కాడ ఒకసారి కొట్టు. ఆఁ. ఇప్పుడు కోసిన కాడ కొట్టు. రెండూ ఒకేలాగుండాల" అని ఆయాసపడుతూ చెప్పేవారు. నాకు మొదట్లో తేడా తెలిసేది కాదు. ఆయనకి ఫోన్లోనే తెలిసిపోయేది. "ఇంకా లేదమ్మా. ముక్కువైపు ఉండిపోయింది. రేపు బేగి, పొద్దున్నే టార్పాలిన్ తీసి ఎండ తగలనియ్యి" అనేవారు. ఒకరోజు ఆయన మాట్లాడలేకపోతే పిన్ని ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. నేను కొడుతూనే ఉన్నాను. అవతల ఆక్సిజన్ చప్పుడు ఒక్కటే వినపడింది.

బాబాయి పోయాక పెట్టిన ప్రార్థన కూటంలో పాస్టరు గారు, ఆయన ఒడ్డుకి చేరుకున్నారని చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు, కాదనను. కానీ నాకు కోపం ఆగలేదు. ఆయనకి ఒడ్డెందుకు? ఇన్నాళ్లూ ఉన్నది ఒడ్డు మీదే కదా!

ఈ ఏడు ఎండలు మండిపోయాయి. హైవే మీద హోటలు పెట్టుకునే ఒకతను వచ్చి, పడవ ఇస్తే అందులో టేబుళ్లు వేసుకుంటానన్నాడు. పిన్ని అవుననలేదు, కాదనలేదు. కొత్త చెక్క పెట్టి ఫైబరు వేయడం మా ఇద్దరికీ రాదు. వేసినా, దాన్ని నడిపేవాళ్లు మా ఊళ్లో లేరు.

నిన్న సాయంత్రం నర్సీపట్నం మీద మొదటిసారి మబ్బు పట్టింది. టార్పాలిన్ కప్పుదామని పడవెక్కాను. సుత్తి ఆయన పెట్టిన చోటే ఉంది. చెయ్యి ఊరుకోక, గట్టిగా ఉన్న చోట ఒకసారి కొట్టాను. కోసిన చోట కొట్టాను. ముక్కువైపు వెళ్లి కొట్టాను. టక్, టక్, టక్. మళ్లీ మొదటినుంచీ కొట్టుకుంటూ వచ్చాను. అంతా ఒకే చప్పుడు.

కింద వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"తడి పోయిందేటండీ?" అంది పిన్ని, అలవాటుగా.

అన్నాక తనకే గుర్తొచ్చినట్టుంది. కిటికీ ఊచ పట్టుకుని పైకి చూసింది. నేను సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"పోయింది పిన్నీ" అన్నాను. చినుకులు మొదలయ్యాయి.