మేకుతో రాసిన పలక

మొన్న అటక మీది సామాను దించుతుంటే గోనెసంచిలో చుట్టిన పలక ఒకటి దొరికింది. తడిగుడ్డతో తుడిచేసరికి తొలకరికి తడిసిన రాతి వాసన వచ్చింది. ఆ వాసనతో నేను మూడో తరగతి చదివిన నాటి ఎండాకాలం, మా ఊరు, మా అమ్మ మొండితనం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. ఊళ్లో సగంమంది ఆడవాళ్లు పొద్దున్నే జొన్నరొట్టె, మిరపకాయ కారం మూట కట్టుకుని పలకల కార్ఖానాకు పోయేవాళ్లు. రాయిని రుద్ది నున్నగా చేసి, కొయ్య చట్రం బిగించి, ఎక్కడెక్కడి పిల్లలకో రాత నేర్పే పలకలు చేసేవాళ్లు గానీ వాళ్లలో ఒక్కరికీ రాత రాదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కనురెప్పల మీద కూడా దుమ్ముండేది. కొంగులో పగిలిన పలక ముక్కలుండేవి, అవే మాకు తొక్కుడుబిళ్లలు. అంత నునుపైన బిళ్లలు జిల్లాలో ఇంకెవరికీ లేవని ఇప్పటికీ నా నమ్మకం. ఉగాదికి భక్ష్యాలు ఎట్లాగూ ఉండేవి, ఎవరింట్లోనన్నా కాన్పయితే శొంఠి, బెల్లం దంచి కాయం చేసేవాళ్లు. బాలింతకని చుట్టిన ఆ ఉండలు సగం మా నోళ్లలోకే పోయేవి.

మా చెల్లెలు పుట్టినప్పుడు మాత్రం ఇంట్లో కాయం వాసన రాలేదు. ఊరి చివర సర్కారు నర్సమ్మ కోసం కట్టిన గది ఉంది, దానికి తాళమూ ఉంది, నర్సమ్మ మాత్రం నెలకోసారి కనిపించేది. నొప్పులొచ్చిన అమ్మను ఆటోలో మార్కాపురం తీసుకుపోతుంటే దారిలోనే కాన్పయింది. రక్తం ఆగక పది రోజులు చావుబతుకుల్లో ఉంది. మళ్లీ ఇట్లయితే బతకదని డాక్టరమ్మ చెప్పింది. రెండేళ్లకు అమ్మకు మళ్లీ నెల తప్పింది. అవ్వ మగపిల్లాడి కోసం మొక్కుకుంది. నేను అమ్మ ఉంటే చాలని మొక్కుకున్నాను.

ఏడో నెలలో అమ్మ కార్ఖానా ఆడవాళ్లను కూడగట్టింది. మార్కాపురం పోయి ఆఫీసరునే అడుగుదామంది. నోటిమాట గాలికి పోతుంది, రాసుకొనే పోదామంది మా మేనత్త సుబ్బమ్మ. మా ఊళ్లో పలకలకేం కరువు? చట్రం సరిగా కుదరనివన్నీ తెచ్చి నా ముందు పేర్చారు. ‘నర్సమ్మ మా ఊళ్లోనే ఉండాలి’ అని బలపంతో అన్నిటి మీదా రాశాను. ‘ళ్లో’ దగ్గరికి వచ్చినప్పుడల్లా నా నాలుక బయటికొచ్చేది.

కిక్కిరిసిన బస్సులో పలకలను కొంగు కింద పొట్టకదుముకుని, చెమటలు కక్కుతూ పోయారు. నేనూ అమ్మ చెయ్యి పట్టుకుని పోయాను. ఆఫీసు ముందు వరసగా నిలబడి పలకలెత్తితే ఒక్కదాని మీదా అక్షరం లేదు. తడి తగిలితే బలపం రాత నిలవదని, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ పలకలు చేస్తున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ఆఫీసరు బయటికొచ్చి చూసి నవ్వాడు.

“ఏందమ్మా, పలకలు అమ్మేదానికి వచ్చినారా?”

నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం పలక దించలేదు.

“రాసింది చెరిగిపోయింది సార్. నేను చెప్తా, మీరు రాసుకోండి. పోయినసారి నర్సమ్మ లేక ఆటోలో సగం చచ్చినా. ఇప్పుడు మల్లా నెలలు నిండొస్తున్నయి. ఆయమ్మను మా ఊళ్లో ఉంచుతామని చెప్పేదాకా మేం ఈడ్నుంచి కదిలేది లేదు.”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మలే అడగాల్సివస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను. అందరూ ఆ ఎండలోనే కూర్చున్నారు. సాయంత్రానికి ఆఫీసరు నర్సమ్మను మా ఊళ్లోనే ఉంచుతామని కాగితం మీద తానే రాసి చదివి వినిపించాడు.

అత్తకు అప్పటికీ నమ్మకం కుదరలేదు. ఇంటికి రాగానే నా చేతికి మేకు ఇచ్చి అదే మాట పలక మీద గీకించి, గది తలుపుకు వేలాడదీసింది. నెల తిరక్కముందే నర్సమ్మ పెట్టెతో సహా దిగింది. అమ్మ ఆ గదిలోనే క్షేమంగా కన్నది. మళ్లీ ఆడపిల్లే.

“ఇంకొక్కసారి చూద్దాం లేమ్మా” అంది అవ్వ.

“ఇంక చాలత్తా. ఆపరేషన్ చేయించుకుంటా” అంది అమ్మ, కాయం నములుతూ.

“వాణ్ణి అడిగినావా?”

“అడిగేది లేదు. చెప్తా.”

చెప్పింది. నాయన కాసేపు తల గోక్కుని, చెప్పులేసుకుని ఆసుపత్రికి తోడు బయల్దేరాడు. ఆ రోజు నాయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆ కార్ఖానా మూతబడి చాలా కాలమైంది. సుబ్బమ్మత్త ఆ దుమ్ము దగ్గుతోనే పోయింది. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు మా వీధిలో లేరు. గదిని కొత్తగా కట్టినప్పుడు పారేయబోతుంటే అమ్మే ఈ పలకను ఇంటికి తెచ్చుకుంది.

తుడిచి అమ్మ ఒళ్లో పెడితే ఆ గీతలను వేలితో తడిమింది. అమ్మకు చదవడం ఇప్పటికీ రాదు. అయినా, “నర్సమ్మ మా ఊళ్లోనే ఉండాలి” అని ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది. అరవై ఏళ్ల మా అమ్మ నా ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పింది. ఆ ఎండాకాలంలో నేను మొక్కుకున్నది ఇదే.