వరండాలోకి పంపిన కర్త

ఆదోనిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు ప్యాసివ్ వాయిస్‌కు చాక్‌పీసు ముట్టేవారు కాదు. కర్త, క్రియ, కర్మ అని ముగ్గురు పిల్లల్ని వరుసగా నిలబెట్టేవారు. కర్మను ముందుకు లాగి, కర్తను చివరికి నెట్టి, క్రియ భుజాన తన తువ్వాలు కప్పి, "ఈ తువ్వాలే 'వాజ్' అనుకోండప్పా" అనేవారు. తర్వాత కర్త వైపు తిరిగి, "నువ్వు లేకున్నా వాక్యం నడుస్తాది. వరండాలోకి పో" అనేవారు. నా ఇంగ్లీషుకు తగిన చోటు అదే కాబట్టి ఎప్పుడూ నేనే కర్తను.

పోయినేడు ఎమ్మిగనూరులో టీచర్ల శిక్షణలో అదే ఆట ఆడించాను. తువ్వాలుకు బదులు చేతిరుమాలు వాడాను. నా సొంతం అంతవరకే. చప్పట్లు మోగాయి.

"ఈ పద్ధతి ఎవరిదండీ?" అని అధికారి అడిగారు.

అతిథిగా వచ్చిన మా ఆదోని సారు వెనక బెంచీలో ఉన్నారని తెలిసీ, "నాదే సార్" అన్నాను.

సారు లేచి నిలబడ్డారు.

"బాగ చేసినావప్పా" అన్నారు. తువ్వాలు భుజాన సర్దుకుని, ఎవరూ పొమ్మనకుండానే వరండాలోకి పోయారు.

లోపల శిక్షణ ఆయన లేకుండానే నడిచింది. నడిపింది నేనే.