తాండ్ర షెడ్డుకి బొగ్గు బాయిలర్

మా ఇంట్లో బొగ్గు బాయిలర్ పెడుతున్నామంటే విన్నవాళ్ళంతా నవ్వారు. రోహిణి కార్తెలో గోదావరి ఇసుక మీద కాలు మోపలేని చోట ఇల్లు వెచ్చబెట్టుకునే పిచ్చివాళ్ళు ఎవరా అని వాళ్ళ నవ్వు. వెచ్చబెట్టాల్సింది మమ్మల్ని కాదు, మామిడి తాండ్రని. అది చెప్పేలోపే నవ్వేసి వెళ్ళిపోయారు. పోనీ.

రావులపాలెం దాటాక లంకల వైపు మా ఊరు. మా ఆవిడ తాండ్ర పోస్తుంది. ఆవిడ తల్లీ పోసేది. పండు పిసికి రసం తీసి, పంచదార కలిపి, తాటాకు చాపల మీద పల్చగా పొయ్యాలి. అది ఎండకి ఆరాక దాని మీద ఇంకో పొర. అలా పొర మీద పొర పోసుకుంటూ వెళితే వేలెడు మందం రావడానికి వారాలు పడుతుంది. మధ్యలో ముసురు పట్టిందా, పై పొర ఆరదు. ఆరని పొర పులుస్తుంది, తరవాత బూజు. పైది పోతే కిందవీ పోయినట్టే.

కిందటేడు అదే జరిగింది. ఎండాకాలం మధ్యలో మబ్బులు కమ్మి వదల్లేదు. చాపలు పెరట్లో షెడ్డులోకి చేర్చి ఫ్యాన్లు పెట్టాం గానీ, గాలివాన రాగానే మొదట పోయేది కరెంటే. బూజు పట్టిన తాండ్రంతా గొయ్యి తీసి పూడ్చాం. మా ఆవిడ చాపలు కడిగి గోడకి ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది:

"ఇంకొక్క ఏడు చూస్తానండి. మళ్ళీ వాన తినేసిందంటే చాపలు చుట్టి అటకెక్కించేస్తాను. ఇంక నా వల్ల కాదు."

ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. ఒకప్పుడు కాఫీ మానేస్తానంది, ఆ సాయంత్రం నుంచే మానేసింది. కాబట్టి నాకు భయం వేసింది. తాండ్ర లేకపోతే మాకు తిండికి లోటు రాదు. కానీ ఎండాకాలమంతా ఇంట్లో మామిడి వాసన లేకుండా, "ఏవండీ, ఆ కాకిని తోలండి" అనే కేక లేకుండా ఎలా ఉంటుందో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

వాన పడ్డా ఆరాలంటే షెడ్డులో వేడి ఉండాలి. దేనితో వేడి చెయ్యాలన్నదే లెక్క. కరెంటు డ్రయ్యరు అమ్మేవాళ్ళ రంగుల కాగితం తెచ్చుకుని చదివాను. నాకు చదువు తలపండాక వచ్చింది. తాండ్ర డబ్బాలకి చీటీలు అతికిస్తూ మా ఆవిడే నేర్పింది. అందుకని కూడబలుక్కుంటూ చదువుతాను, ఏదీ వదలను. ఆ కాగితంలో అన్నీ ఉన్నాయి, కరెంటు పోతే ఏం చెయ్యాలో తప్ప. ఊక పొయ్యి పెడదామంటే బూడిద ఎగిరి తాండ్ర మీద పడుతుంది. గ్యాసుకి ఖర్చెక్కువ. ఆఖరికి ఏటిగట్టున ఇటుక బట్టీల వాళ్ళు కాల్చే రాక్షసి బొగ్గు నాకు నచ్చింది. ఒకసారి అంటుకుంటే నిదానంగా, నిలకడగా మండుతుంది. పక్కన కూర్చుని ఊదక్కర్లేదు.

"రాక్షసిని ఇంట్లోకి తెస్తారా?" అంది మా ఆవిడ.

"నాతో ఇన్నాళ్ళు వేగావు, దానితో వేగలేవా?"

"మీ నుంచి పొగ రాదు కదండీ. అరుపులే."

రావులపాలెంలో ఒక వెల్డింగ్ మేస్త్రీ ఉన్నాడు. హోటళ్ళకి పెద్ద పొయ్యిలు చేస్తాడు. ఆయన షెడ్డుకి ఇద్దరం వెళ్ళాం. నేను ఆవిరి బాయిలర్ కావాలన్నాను.

"ఆవిరిది మీకెందుకు బాబాయ్ గారూ? మీకు వేన్నీళ్ళు చాలండి. పైన మూత వదులుగా ఉంటది. కాగిన నీళ్ళు వాటంతట అవే గొట్టాల్లోకి పైకెక్కి, షెడ్డంతా తిరిగి, చల్లారి మళ్ళీ కిందకి దిగుతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు."

"పేలదంటావా?"

"మొదట వెలిగించేది నేనేనండి. పేలితే నేనే పోతాను."

"నువ్వు పోతే నా బాయిలర్ ఎవడు బాగుచేస్తాడయ్యా?"

మేస్త్రీ పగలబడి నవ్వాడు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఒక గొట్టం స్నానాల గదికి కూడా లాగమంది. రోజంతా వంగి రసం పోసే మనిషికి భుజాలు పీకుతాయి. ఎండాకాలంలో కూడా ఆవిడకి వేన్నీళ్ళే కావాలి.

ఇక ఎక్కడ పెట్టాలి? ఈ మాట వచ్చేసరికి మా బావమరిది దిగాడు. మా ఆవిడ తమ్ముడు. వాస్తు మీద ఆయనకి ఉన్న నమ్మకం తన సొంత కాళ్ళ మీద కూడా ఉండదు. ఫోనులో దిక్సూచి తెరిచి పెరడంతా తిరిగాడు.

"ఇంకో మాట లేదు బావా. అగ్నికి ఆగ్నేయమే."

మా ఆవిడ తలూపింది. మేస్త్రీ "అంతేనండి" అన్నాడు. నాకూ తప్పేం కనబడలేదు. మా వైపు వంటిల్లు అక్కడే కడతాం, పందిట్లో పొయ్యి కూడా అక్కడే తవ్విస్తాం. బాయిలర్ గొట్టాలకంటే కింద ఉండాలని మేస్త్రీ గొయ్యి తియ్యబోతే మోకాల్లోతులోనే నీళ్ళు ఊరాయి. మా నేల సంగతి అంతే. గొయ్యి పూడ్చేసి, గొట్టాలనే పైకి ఎత్తి, వాటి మీద చాపలకి అరలు కట్టాడు. బాయిలర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది మా ఆవిడ. మొదటి మంట మీద పాలు పొంగించింది. షెడ్డు తలుపు తీసి లోపలికి అరచెయ్యి చాపి, "బాలింతరాలి గదిలా ఉందండి" అని నవ్వింది. ఆ నవ్వు చూడటానికి ఎన్ని బస్తాల బొగ్గయినా మొయ్యొచ్చు.

తాండ్ర సగం మందం వచ్చాక మబ్బు పట్టింది. ఈసారి మాకు దిగులు లేదు. చాపలన్నీ లోపలి అరల మీదకి చేర్చి, బాయిలర్ రాజేసి, తడి గాలి బయటికి పోవాలని కిటికీలు తెరిచాం. పొద్దున్నకి పొర చక్కగా ఆరింది, మెరుస్తోంది. మా ఆవిడ ఒక అంచు చిదిపి నోట్లో వేసుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

"ఏమైంది?"

"మీరే తినండి."

తిన్నాను. నోట్లో రైలింజను వెళ్ళినట్టుంది.

ఎండాకాలం మా వైపు గాలి దక్షిణం నుంచి, సముద్రం మీదుగా వస్తుంది. ఆ సంగతి మాకు తెలియక కాదు. ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గాలివాటం చూడకుండా చేట ఎత్తం. నిప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దిక్కే చూశాం, గాలిని చూడలేదు. ఆగ్నేయ మూల పొగంతా నేరుగా దానికి ఉత్తరాన ఉన్న షెడ్డు కిటికీల్లోకే దూరింది.

మా ఆవిడ చాపల మీదకి వంగింది. పొగ వాసన పట్టిన పొరని అంచు నుంచి గోరుతో లేపి చూసింది. అదృష్టం కొద్దీ కిందదానికి ఇంకా పూర్తిగా అంటుకోలేదు. చాప చాపా ఒలిచింది. ఒలిచిందంతా గేదెలకి పెట్టాం. కింద పొరలు మంచివే, కానీ మబ్బు ఇంకా పోలేదు. అరుగు మీద కూర్చుని అటక వైపు చూసింది.

మేస్త్రీకి ఫోను చేస్తే చిమ్నీ పెంచుదామన్నాడు. "ఎంత పెంచినా ఈ గాలి పొగని వంచేస్తుందయ్యా" అన్నాను. బాయిలర్‌ని షెడ్డుకి ఉత్తరాన, కాలువ గట్టు వైపు మార్చేస్తే పొగంతా కాలువ మీదకి పోతుంది. ఆ మాట అనగానే బావమరిది లేచి నిలబడ్డాడు.

"ఉత్తరం కుబేరస్థానం బావా! కుబేరుడి ఒళ్ళో నిప్పులు పోస్తావా?"

"మీ కుబేరుడు తాండ్ర కొంటాడేంట్రా?"

"నీకు వెటకారం. రేపు ఏదైనా అయితే అనుభవించేది మా అక్క."

ఆ మాటకి నేను ఆగిపోయాను. నాకు నమ్మకం లేదు గానీ ఆవిడకి ఉంది. ఆవిడ భయపడుతూ పోసే తాండ్ర నాకొద్దు.

అప్పుడు ఆవిడ నోరు విప్పింది.

"ఒరే తమ్ముడూ, ఆగ్నేయం అంటే దేనికి ఆగ్నేయం?"

"ప్రహరీకి అక్కా."

"షెడ్డు వెనక మనం ఇంకో ప్రహరీ కట్టుకుంటే?"

బావమరిది ఫోను తీసి మళ్ళీ దిక్సూచి తెరిచాడు.

"ఆ చిన్న గోడ లోపల దానికీ నాలుగు మూలలుంటాయా, ఉండవా? దాని ఆగ్నేయంలో పెడదాం. మీ బావ గోడ కడతారు. కట్టలేనని అనమను."

మిగిలిపోయిన ఇటుకలతో, సిమెంటు తక్కువై కొంత బంకమట్టితో, నడుమెత్తు గోడ కట్టాను. మధ్యాహ్నానికి మేస్త్రీ బాయిలర్‌ని ఎత్తి అక్కడ దింపి, గొట్టం ఉత్తరపు గోడలోంచి దూర్చాడు. బావమరిది గోడ లోపల నిలబడి ఫోను తిప్పితిప్పి చూసి, తనే కనిపెట్టినట్టు కేకేశాడు: "అక్కా, ఖచ్చితంగా ఆగ్నేయమే!"

ఒక నష్టం మాత్రం జరిగింది. బాయిలర్ దూరమయ్యేసరికి స్నానాల గదికి నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి. ఆవిడ "చాల్లెండి, ఇదే హాయి" అంది గానీ, భుజం తడుముకోవడం నేను చూశాను. కొబ్బరి పీచు తెచ్చి గొట్టం పొడుగునా చుట్టి, దాని మీద గోనె కట్టాను. చూడటానికి కట్టు కట్టిన కాలులా ఉంది. నీళ్ళు ఇప్పుడు కాస్త నయం.

బాయిలర్ మార్చిన సాయంత్రమే వాన మొదలైంది. మా ఆవిడ మళ్ళీ పొర పోసింది. కిటికీలు తెరిచాం. పొగ కాలువ మీదకి వాలి అవతలి గట్టు వైపు వెళ్ళిపోతోంది. కాకి కూడా అటు ఎగరలేదు.

పొద్దున్నే అంచు చిదిపి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"పంచదార ఒక పిసరు ఎక్కువైంది" అంది.

"ఇంకేం లేదా?"

"ఇంకేం ఉండాలి?"

గోడకి ఆనించి ఉన్న చాపల దగ్గరికి వెళ్ళింది. ఒకదాని అంచు చేత్తో రాస్తూ, "ఇవి చీకిపోయాయండి. చాపలల్లే వాళ్ళకి చెప్పి కొత్తవి అల్లించండి. వచ్చే ఏటికి పనికొస్తాయి" అంది.

వచ్చే ఏటికి అంది. వాన ఇంకా పడుతూనే ఉంది. నేను గొడుగు కోసం కూడా ఆగలేదు.