రాతిబట్ట మీద మడతలు

ఆయన ముందు బట్ట చూస్తాడు, తర్వాత మనిషిని. నలభై ఏళ్లు ఇస్త్రీబల్ల ముందు నిలబడ్డవాడికి అది అలవాటు. "నన్ను మొదటిసారి చూసినప్పుడూ అంతే. చెయ్యి దగ్గర నలిగిందన్నాడు. మొహం తర్వాత చూశాడు" అంటుంది భార్య. ఆవిడ మడతలు పెడుతుంది.

మ్యూజియం తెరలు, యూనిఫారాలు ఇస్త్రీ చేసి ప్రతి సోమవారం ఆయనే తీసుకెళ్లి ఇస్తాడు. అక్కడ కాపలా కాసేది బావమరిది. రెండువేల ఏళ్ల కిందటి పడమటి దేశాల వాళ్ల నుంచి మనకు న్యాయస్థానాలు, నాటకాలు, స్తంభాలు వచ్చాయని పెద్దగది గోడ మీద రాసి ఉంటుంది. ఆయన చాలాసార్లు చదివాడు. తన పని అందులో ఉంటుందని ఎప్పుడూ వెతకలేదు.

ఒక సోమవారం ఆ గదిలో పాలరాతి స్త్రీ పక్కన నిచ్చెన వేసి ఉంది. రెండువేల ఏళ్ల నాటి బొమ్మ. భుజం నుంచి పాదాల దాకా ఒకటే బట్ట చుట్టుకుని ఉంటుంది. నిచ్చెన మీద మరమ్మతు మేడమ్, చేతిలో లప్పం గిన్నె.

"ఏం చేస్తున్నారమ్మా?"

"పగుళ్లు పూడుస్తున్నాను. మధ్యాహ్నానికి నున్నగా అయిపోతుంది."

ఆయన తల వంచి చూశాడు. తొడ మీద సన్నగా ఒక అడ్డగీత. దాన్ని దాటుతూ నిలువుగీత. జానెడు కింద మళ్లీ అడ్డగీత.

"పూడ్చకండమ్మా. అవి పగుళ్లు కావు, మడతలు."

మేడమ్ నవ్వి, భుజం నుంచి జారే అలలు చూపించింది. "మడతలంటే ఇవి కదా."

"అవి కట్టుకుంటే వచ్చినవి. ఇవి పెట్టెలో పెడితే వచ్చినవి."

బావమరిది దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బావా, రాయికి కూడా ఇస్త్రీ పెడతావా ఏంటి? నా ఉద్యోగం ఊడగొట్టకు."

"నీ ఉద్యోగానికేం కాదు. ఇలా వచ్చి నిలబడు."

మూటలోంచి ఆఫీసు కిటికీ తెర తీశాడు. రెండు రోజులు మడిచి బరువు కింద ఉంచినది. విప్పి బావమరిది భుజం మీంచి చుట్టాడు. బావమరిది మీసాలతో, బూట్లతో, పాలరాతి స్త్రీ పక్కన ఆమెలాగే నిలబడ్డాడు. తొడ మీద మడతల గీతలు గళ్లుగా తేలాయి.

మేడమ్ నిచ్చెన దిగింది. అతన్ని చూసింది, ఆమెను చూసింది. టేపు తీసి రాతి మీది గీతల మధ్య కొలిచింది. అన్నిచోట్లా ఒకటే ఎడం. పగులుకు కొలత తెలియదు.

గిన్నె పక్కన పెట్టేసింది. అప్పటికే పూడ్చిన రెండు గీతల్లో లప్పం ఇంకా పచ్చిగానే ఉంది. పుల్లతో తీస్తుంటే ఆయన దీపం పట్టుకున్నాడు. గంట పట్టింది. చేతులు నొప్పెట్టలేదు.

ఎవరో మడిచారు. చెక్కినవాడు అది చూశాడు, వదల్లేదు. ఆయనకు ఆ రోజంతా ఇదే తలపు. కొట్లో ఈల వేశాడు.

తర్వాతి సోమవారం భార్యను తీసుకెళ్లాడు. ఆవిడ బొమ్మ చుట్టూ తిరిగి వెనక ఆగింది.

"ఈ గీత వంకరపోయింది. ఎవతో అంచులు కలపకుండా మడిచేసింది."

"రెండువేల ఏళ్లయిందే. ఇప్పుడు తిడతావా?"

"అప్పుడు తిట్టేవాళ్లు లేకే ఇలా మడిచింది."

మేడమ్ పుస్తకం తీసింది. "ఇవి మడతలని ఎవరు చెప్పారని రాసుకోను?"

"ఇస్త్రీవాడని రాయండమ్మా" అన్నాడాయన.

"మడతలు పెట్టేది నేను" అంది భార్య. "ముందు నన్ను రాయండి."