తమ్ముని పేరు మీద నా జబ్బు

ప్రభువునందు ప్రియమైన సహోదర సహోదరీలారా, దేవుడు నన్ను టీబీ నుండి లేపాడని పోయిన ఏడాది ఇదే మందిరంలో నిలబడి చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు, అది నిజమే, కానీ ఆ రోజు ఒక సంగతి మింగేశాను. వనపర్తి క్లినిక్‌వాళ్లు పేర్లు తారుమారు చేసి మా తమ్ముడు దేవదానాన్ని రోగిని చేశారని మీరంతా ఇప్పటికీ అనుకుంటున్నారు. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. ఆ పేరు చెప్పింది నేనే.

అప్పుడు నేను మేస్త్రీ వెంట పుణె పనికి పోయి వస్తుండేవాడిని. దగ్గు పట్టుకుంది, సాయంత్రమైతే జ్వరం, ఒకనాడు రుమాలులో నెత్తురు కనపడింది సహోదరులారా! డాక్టరమ్మ తెమడ పరీక్ష రాశారు. అక్కడ కౌంటరు దగ్గరే డబ్బా మీద పేరు రాసి అంటిస్తారు, రిపోర్టు వచ్చాక ఆ పేరే గట్టిగా పిలుస్తారు, బెంచీల మీద మన ఊరివాళ్లు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. నా పేరు మేస్త్రీ చెవిన పడితే మళ్లీ పనికి తీసుకుపోడు. తమ్ముడైతే టిఫిన్ హోటల్‌లో దోసెలు పోస్తాడు, వాడికి మేస్త్రీతో పనేముంది అనుకున్నాను. కౌంటరులో సిస్టరమ్మ పేరు అడగగానే "దేవదానం" అనేశాను. ఊరు, ఇల్లు, ఫోన్ నంబరు మాత్రం నిజమే చెప్పాను.

తర్వాత క్లినిక్ నుండి ఫోన్లు వస్తే భయపడి ఎత్తలేదు. టీబీ అని తేలితే పేరు సర్కారు దవాఖానకు పోతుందని, వాళ్లు ఇంటికే వస్తారని నాకు తెలియదు. మాస్కులు కట్టుకొని వచ్చి తమ్ముని గుమ్మం ముందు నిలబడ్డారు.

"నేను ఆ క్లినిక్ మెట్లే ఎక్కలే సార్! నేను కేకేస్తే ఘణపూర్ గుట్ట దాక ఇనవడ్తది, నాకు టీబీ ఏంది?" అన్నాడు వాడు.

"రోగమున్నోళ్లంత గిట్లనే అంటరు తీయ్" అని వాకిట్లో ఎవరో నవ్వారు. పక్క గడపలో నేను నిలబడే ఉన్నాను, నోరు విప్పలేదు.

హోటల్ యజమాని వాడిని పనికి రావద్దన్నాడు. ఆదివారం పాస్టరుగారు వాడిని ముందుకు పిలిస్తే మీరంతా చేతులు చాచి, "ప్రభువా, నీ దాసుడు దేవదానం ఊపిరితిత్తులను ముట్టు తండ్రీ" అని కన్నీళ్లతో ప్రార్థించారు. "అయ్యగారూ, నాకేం రోగం లేదు, నా పని కోసం ప్రార్థన చెయ్యుండ్రి" అని వాడంటుంటే ఎవరూ వినలేదు. వెనుక వరుసలో నేను తువ్వాలు నోట్లో కుక్కుకొని దగ్గు ఆపుకుంటూ ఆమేన్ అన్నాను! అక్కడే మోకరించాను. "ప్రభువా, ఇంతమంది అడిగేది నా రోగం కోసమే, చేతులు మాత్రం వేరే తల మీద ఉన్నాయి. నా పేరుతోనే నీ దగ్గరికి వస్తాను, నన్ను విడువకు" అని ఏడ్చాను.

మర్నాడు క్లినిక్‌కు పోయి సామ్యేలు అని నా పేరు చెప్పాను. "మందు నీకు అందకపోతే నువ్వు చస్తవ్, ఇంట్లోళ్లకు అంటిస్తవ్, తెల్వదా?" అని డాక్టరమ్మ తిట్టారు. నాకు మళ్లీ పరీక్ష చేసి గోళీలు మొదలుపెట్టించారు. తమ్ముడికి కూడా పరీక్ష చేసి ఏమీ లేదని రాసిస్తే వాడు మళ్లీ దోసెల పెనం దగ్గరికి పోయాడు. తమ్ముని పేరు ఇచ్చింది నేనేనని ఇంట్లో చెప్పవద్దని డాక్టరమ్మను బతిమాలాను. "నేను చెప్పను, చెప్పాల్సింది నువ్వు" అన్నారు. నేను చెప్పలేదు. పేర్లు తారుమారు చేశారని మనవాళ్లు పోయి ఆ సిస్టరమ్మను నానా మాటలన్నా ఊరుకున్నాను.

చివరి పరీక్షలో జబ్బు లేదని వచ్చింది, దేవునికే మహిమ! కానీ ఛాతీ తేలికైనా లోపలి బరువు తగ్గలేదు, నిన్న ఆ సిస్టరమ్మకు చేతులు జోడించి నిజం చెప్పాకే నాకు నిద్ర పట్టింది. సహోదరులారా, ఎవరికైనా దగ్గు ఉంటే, భయం ఉంటే, ప్రభువును నమ్మి మీ పేరు మీరే చెప్పుకోండి, ఆయన సిగ్గుపరచడు.

ఈ ఉదయం ఇక్కడికి రాకముందే తమ్మునికి, మరదలికి అంతా చెప్పాను. మరదలు అంది, "గా మాట అప్పుడే అంటే ఏం పోయేది బావా? నా పిల్లలు నాయిన దగ్గరికి పోతమని ఏడుస్తుంటే చేయి పట్టి గుంజిన గద నేను."

వయసులో పెద్దవాడినని చూడకుండా వాళ్ల గడపలోనే మోకరించి, "తప్పయింది తమ్మీ, తప్పయిందమ్మా, నన్ను మాఫ్ చెయ్యుండ్రి" అన్నాను.