చర్చి వరండాలో ఘనా గుంటలు

మా చిన్నప్పుడు... వేసవి సెలవులిచ్చిన వారానికే నెల్లిమర్లలో మా చర్చి వరండా నిండా చిన్న చిన్న చెప్పులుండేవి. ఆ ఏడు సండే స్కూల్ టీచరు సుజాతక్క రోజుకో ఆఫ్రికా దేశం చూపిస్తానంది. అక్కడి పిల్లలు ఏం తింటారో, ఏం ఆడతారో మేమూ చేసి చూడాలి.

కెన్యా రోజున బిందెలు నెత్తిన పెట్టుకుని నడిచాం... సగం నీళ్ళు మా మీదే. ఘనా రోజున ఒక ఆటా, ఊళ్ళ పేర్లూ నేర్చుకున్నాం. అక్రా... కుమాసీ... ఇంటికెళ్ళే దారంతా బెల్లంముక్కల్లా ఆ మాటల్ని చప్పరిస్తూనే ఉన్నాను.

మర్నాడే ఆఖరి రోజు. అందరి అమ్మలూ మామ్మలూ చూడ్డానికి వస్తారు. నాకు ఒకటే బెంగ... మా నానమ్మ వస్తుందా? నాన్న బాప్తిస్మం తీసుకున్నా ఆమె మాతోనే ఉండేది, తన దీపం తను పెట్టుకునేది. నన్ను చర్చి గేటు దాకా దింపేది... గేటు మాత్రం దాటేది కాదు.

ఆ సాయంత్రం సుజాతక్క గీసిచ్చిన ఘనా ఆట బొమ్మను నానమ్మకు చూపించాను. చెక్కలో రెండు వరసల గుంటలు, వాటిలో బూడిదరంగు గింజలు.

"ఓలమ్మ! ఇవి గచ్చకాయలు గాదేటే? ఇది మన వామనగుంటలాటే!" అంది. వేలితో గుంటలు లెక్కపెట్టి ముఖం చిట్లించింది. "వరసకి ఆరేనేటి? ఏడుండాల. మీ టీచరమ్మ ఒక గుంట మర్సిపోనాది."

"కాదు నానమ్మా, ఆళ్ళకి ఆరే!"

"ఆరుతో ఆటేటే? రేపొచ్చి నానే సెప్తాను ఆ యమ్మకి."

రేపొచ్చి... అంది! ఆ మాట పట్టుకుని నిద్రపోయాను.

మర్నాడు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాటింది... లోపలికి కాదు, వరండా దాకా. సుజాతక్క ఎంత చెప్పినా ఏడో గుంట మాట వదల్లేదు. చివరికి, "సరే, ఆళ్ళెలా ఆడతారో సూపించు," అంటూ గచ్చు మీద సుద్దతో గీసిన గుంటల ముందు నా ఎదురుగా చతికిలబడింది.

"ఖాళీ గుంట రాకుండానే గింజలు తీసేస్తావేటే, దొంగముండా!"

"ఘనాలో అలాగే తీస్తారు నానమ్మా!"

ఓడిపోయింది. అందరికంటే గట్టిగా తనే నవ్వింది. "ఆ పిల్లలు గట్టోళ్ళేనే... మళ్ళీ పెట్టు!"

సాయంత్రం చర్చి లోపల సుజాతక్క, "ఆఫ్రికా పిల్లలందరినీ దీవించు ప్రభువా..." అని ప్రార్థన మొదలుపెట్టింది. వరండాలోంచి నానమ్మ గొంతు... "పేరు సెప్పకుండా మొక్కితే ఎవులికెళ్తాదే అమ్మా? ఒక్క పిల్ల పేరైనా సెప్పండి."

ఊళ్ళ పేర్లు తెలుసు, తిండి తెలుసు, ఆట తెలుసు... ఒక్క పిల్ల పేరు కూడా మాకు తెలియదు. సుజాతక్క కళ్ళు తెరిచి మావైపు చూసింది.

ఇప్పుడు ఆ ఆట ఫోన్‌లోనే ఉంది. గింజలు వాటంతటవే పడతాయి... ఎదురుగా ఎవరూ కూర్చోనక్కర్లేదు, ఎవరి పేరూ అడగక్కర్లేదు.

మీ వైపు వరసకి ఎన్ని గుంటలు? మీ ఎదురుగా కూర్చున్నది ఎవరు... పేరు చెప్పండి.