చుట్ట విప్పని వైరు

చిట్టమూరు దిక్కున, పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్లలో, చిన్నపోలయ్యంత పొందిగ్గా తాడు చుట్టే మనిషి లేడు. పడవలో తాడు వదులుగా పడుంటే కాలికి తగులుకుని నీళ్లలో పడతారని చిన్నప్పుడు తండ్రి నేర్పిన పద్ధతి అది. అరవై దాటినా ఆ చేతులు ఊరుకోవు. ఏ తాడు కనబడినా చుట్టి ముడేయాల్సిందే.

కొడుకు పెంచల్ రొయ్యలు దాచడానికి పెద్ద ఫ్రీజర్ కొన్నాడు. దాని వైరు గోడ ప్లగ్గుదాకా అందలేదు. పెద్దాయన ఇరవై మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి, రెండు మీటర్లు లాగి, మిగతా వైరంతా బిగించి చుట్టి, దారంతో కట్టి వలల కుప్ప పక్కన పెట్టాడు. ఇస్త్రీపెట్టె, ఫ్యానూ కూడా దానికే. ఎంత ముచ్చటగా ఉందోనని మురిసిపోయాడు పాపం.

కోడలు దుర్గ ఊడుస్తూ వైరు ముట్టుకుని ఉలిక్కిపడింది.

"మామా, ఇది కాలతా ఉండాది. చుట్టిపెడితే వేడి బయటికి పోదు. చుట్ట విప్పి పరుద్దాం, లేదంటే ఫ్రీజరు పక్కనే గోడకి ప్లగ్గు పెట్టిద్దాం."

"తాళ్ల సంగతి నాకు చెప్పొచ్చినావా? నడింట్లో వైరు పరిస్తే మీ అత్త తట్టుకుని పడదా?"

మోకాళ్ల నొప్పులతో మంచం దిగడమే కష్టమైన భార్య ఆదిశేషమ్మంటే ఆయనకు ప్రాణం. వారం తర్వాత దుర్గ మళ్లీ చెప్పింది. మళ్లీ కసురుకున్నాడు. మొండితనంలో ఆయనకు ఆయనే సాటి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆదిశేషమ్మ వలల పక్కన మంచం మీద నిద్రపోతోంది. చిన్నపోలయ్య పెళ్లికి వెళ్లడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలిన వాసన వచ్చి తిరిగి చూస్తే, వైరు చుట్టలోంచి పొగ! నైలాను వల అంచు అంటుకుంది. చప్పున నీళ్ల బిందె ఎత్తాడు.

"నీళ్లు పొయ్యొద్దు మామా! కరెంటుండాది!"

పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన దుర్గ ముందు మెయిన్ స్విచ్ దించేసింది. ఇద్దరూ ఆదిశేషమ్మను మంచంతో సహా బయటికి మోశారు. దుర్గ వాకిట్లోని ఇసుకను బకెట్లతో తెచ్చి మంట మీద కుమ్మరించింది. నాలుగు వలలు పోయాయి, మనుషులు మిగిలారు.

మర్నాడు కరెంటు పనిచేసే సుబ్బు వచ్చి ఫ్రీజరుకు గోడలోనే విడిగా ప్లగ్గు బిగించాడు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకాయన, "నాసిరకం బాక్సు అంటగట్టినారన్నా నీకు" అన్నాడు జాలిగా.

తప్పించుకోవడానికి మంచి దారే దొరికింది. చిన్నపోలయ్య తల అడ్డంగా ఊపాడు.

"బాక్సు మంచిదే. మా కోడలు రెండుతూర్లు చెప్పింది, నేనే వినలా. నా పెళ్లాన్ని నా చేతులతో నేనే చంపుకోబోయినా."